మాచర్ల దాకా వచ్చిన గొంతు

మా కాలేజీ ల్యాబులో ఏటా ఇదే తంతు. ఫైళ్లను కుదించే జీజిప్ కమాండు నేర్పే రోజున సగం క్లాసు చేతులెత్తి తమ ఫైలు పోయిందంటుంది. ఎక్కడికీ పోలేదు. కుదించమన్నారు, కుదించింది. కుదించాక పాత ఫైలును తీసేసి, పేరు చివర చిన్న తోక తగిలించిన కొత్త ఫైలును దాని స్థానంలో పెట్టింది. పాతదీ ఉండి కొత్తదీ ఉంటే ఇక కుదించి ప్రయోజనమేముంది? ఈ సంగతి బోర్డు మీద రాస్తాను, నోటితో చెబుతాను, రికార్డులో రాయిస్తాను. అయినా చేతులు లేస్తూనే ఉంటాయి. రికార్డులు మాత్రం ముచ్చటగా ఉంటాయి. అందరివీ ఒకే అవుట్‌పుట్, ఎప్పుడో ఏ సీనియరో చేసిన ఒకే పొరపాటుతో సహా. నిజంగా కమాండు కొట్టి చూసినవాణ్ణి పట్టుకోవడం తేలిక, వాడి రికార్డులో ఆ పొరపాటు ఉండదు.

విసుగొచ్చి ఒకసారి మిరపకాయల్లోకి దిగాను. మా పిల్లల్లో ఎక్కువమంది మిర్చి పండించే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. కల్లంలో ఎండిన కాయల మీద కాస్త నీళ్లు చిలకరించి, గోతంలో పోసి, ఒక మనిషి లోపల నిలబడి తొక్కుతాడు కదా, జీజిప్ చేసేది అదే అన్నాను. కల్లమంతా పరుచుకున్న కాయలు గోతాల్లోకి దిగిపోతాయి. యార్డులో గోతం విప్పి పోస్తే మళ్లీ అవే కాయలు, ఒక్కటి కూడా తగ్గదు. ఎంపీత్రీ అలాంటిది కాదు. అది తొడిమలు తీసేసిన కాయ. సరుకు తేలికవుతుంది గానీ తీసిన తొడిమ మళ్లీ అతకదు. పోలిక భలే కుదిరిందని నాలో నేనే మురిసిపోతుంటే, బెల్లంకొండ నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, నీళ్లు చిలకరిస్తే బరువు పెరుగుద్ది గదా మేడం, మరి ఫైలు తగ్గుద్దంటారేంది అని అడిగింది. క్లాసంతా నవ్వింది. పల్నాడు పిల్లల దగ్గర మిరపకాయల ఊసెత్తినందుకు నాకు తగిన శాస్తి జరిగింది.

ఆ పాఠం నిరుడు మా కింది వాటాలో నాకే అవసరమైంది.

నేనుండేది నరసరావుపేటలో, మైకు సెట్టు బాబాయి వాళ్ల మేడ మీద అద్దెకు. ఆయన నాకు చుట్టం కాదు. వాళ్లు ముస్లింలు, పాతకాలంలో వాళ్ల పెద్దలు ఊరూరా తిరిగి దూది ఏకేవాళ్లట. ఇంట్లో మాటంతా తెలుగే. అద్దెకు దిగిన మొదటి వారంలోనే ఆయన నన్ను అమ్మాయ్ అనడం, నేను బాబాయ్ అనడం మొదలైంది. ఆయన భార్య పిన్ని అయిపోయింది. పిన్ని తమ్ముడు వాళ్ల ఆటో నడుపుతాడు, నన్ను అక్కా అంటాడు. ఆటో పైన రెండు లౌడ్‌స్పీకర్లు, లోపల ఆంప్లిఫయరు, దానికో పెన్‌డ్రైవు. కింది వాటాలో వీధి వైపు గది మైకు షాపు, వెనక గది రికార్డింగు గది, దాని వెనక వంటిల్లు.

బాబాయి గొంతు తెలియనివాళ్లు మా చుట్టుపక్కల తక్కువ. పశువులకు టీకాలు వేస్తున్నారని, రేపు కరెంటు ఉండదని, ఫలానా చోట ఉచిత కంటి శిబిరమని ఆటోలోంచి వినపడేది ఆయన గొంతే. మైకు ముందు కూర్చుంటే ఆయన భాష మారిపోయేది. ‘యావన్మంది ప్రజానీకానికి విజ్ఞప్తి’ అని గంభీరంగా మొదలుపెట్టి, పొల్లు పోకుండా ముగించేవాడు. మైకు ఆపిన మరుక్షణం, ఏంది, చానాసేపు పట్టిందా, అని మామూలు మనిషైపోయేవాడు. పొద్దస్తమానం మైకులో ఎవరన్నా బతుకుతారా బాబాయ్ అని నేను ఆటపట్టించేదాన్ని. మైకులో బతకబట్టే ఇంట్లో కూడు దొరుకుతంది అనేవాడు.

ఆయన పనికి ఒక పద్ధతి ఉంది. ఒకే ప్రకటన పది ఊళ్లలో తిప్పాల్సి వస్తుంది, ప్రతి ఊరికీ మొత్తం మళ్లీ చదవడం దండగ. అందుకని ఊళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెప్పి విడిగా పెట్టుకున్నాడు. ‘రేపు ఉదయం’, ‘గ్రామ ప్రజలకు’, ‘పట్టణ ప్రజలకు’, ‘పంచాయతీ ఆఫీసు వద్ద’, ‘తప్పక హాజరు కావలెను’ లాంటి మాటలు కూడా విడిగా ఉండేవి. ఆర్డరు వచ్చినప్పుడు కావలసినవి ఏరుకుని, కొత్త మాటలేమన్నా ఉంటే అప్పుడు చెప్పి, అన్నీ అతికించేవాడు. అందుకే ఎడ్లపాడు అన్న మాట ఏ ప్రకటనలో విన్నా ఒకేలా ఉండేది. ఆ ఊరివాళ్లు కూడా తమ ఊరి పేరు అంత బాగా పలకరని నా అభిప్రాయం.

రికార్డింగులో పిన్నికి పెద్ద పని ఉండేది. కిటికీ మూయాలి, వంటింట్లో కుక్కరు కూత పెట్టకుండా చూసుకోవాలి, ఫ్యాను ఆపాలి, ఆయన చెయ్యి ఊపగానే కంప్యూటరులో రికార్డింగు బటను నొక్కాలి. బటను నొక్కడంలో ఆవిడ ఎప్పుడూ తొందరే. ఆయన ఇంకా గొంతు సవరించుకుంటుండగానే నొక్కేసేది. ఆ దగ్గులు, సణుగుళ్లు అన్నీ రికార్డయ్యేవి. ఆటోలో వేసే ఎంపీత్రీ తయారుచేసేటప్పుడు ఆయన వాటిని కత్తిరించి, వెనక సంగీతం కలిపేవాడు. అసలు రికార్డింగులు మాత్రం కత్తిరించకుండా కంప్యూటరులో అలాగే ఉండేవి.

ఆ కంప్యూటరుకు వైద్యురాలిని నేనే. ఊళ్లో ఉన్న ప్రతి ఆటో పెన్‌డ్రైవూ దాన్ని ముట్టుకుని పోయేది కాబట్టి, దానికి లేని వైరస్ లేదు. తుడిచి తుడిచి విసుగెత్తి, చివరికి అందులో వైరస్‌ల బెడద లేని లినక్స్ పెట్టేశాను. అప్పట్నుంచి దాని జబ్బులు తగ్గాయి గానీ ఏ చిన్న పనికైనా మేడ మీదికి పిలుపొచ్చేది.

రెండేళ్ల కిందట బాబాయి గొంతు బొంగురుపోయింది. ఎక్కువగా అరవడం వల్లేనని ఆయన మిరియాలు, కలకండ నములుతూ తిరిగాడు. తగ్గలేదు. గుంటూరు తీసుకెళ్లి చూపిస్తే స్వరపేటికలో గడ్డ అన్నారు, అది మంచిది కాదన్నారు, స్వరపేటిక తీసేయాలన్నారు. మైకు మనిషికి ఆ మాట ఎలా చెప్పారో, ఆయన ఎలా విన్నాడో నాకు తెలియదు. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా షాపులో వైర్లు చుడుతూ కూర్చున్నాడని పిన్ని చెప్పింది.

ఆస్పత్రిలో చేరబోయే ముందు ఇంకో సమస్య వచ్చింది. కంప్యూటరులో హార్డ్ డిస్కు టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. అది ఎక్కువ రోజులు ఉండదని నాకు అర్థమైంది. బాబాయి గొంతంతా అందులోనే ఉంది. దాన్ని ఇంకో చోటికి తీసి పెట్టుకోవాలని నేను పట్టుబట్టాను. చేతిలో ఉన్నది ఆటో పెన్‌డ్రైవు ఒక్కటే, అందులో అన్నీ పట్టడం లేదు. అప్పుడు ల్యాబులో చెప్పేదే చేశాను. టార్ అనే కమాండుతో ఆ ఫైళ్లన్నిటినీ ఒకే మూటగా కట్టించాను, ఆ మూటను జీజిప్‌తో తొక్కించాను. శబ్దం పెద్దగా కుదించుకుపోదు. కానీ ఆయన రికార్డింగుల్లో మాటల మధ్య ఖాళీ చాలా ఉండేది, మాట కంటే నిశ్శబ్దం బాగా అణుగుతుంది. మూట పెన్‌డ్రైవులో సరిగ్గా పట్టేంతకు వచ్చింది.

కాపీ పెట్టాను. పాత డిస్కు, నత్తనడక నడుస్తోంది. ఈలోగా వీధి చివర మా కాలేజీ బస్సు హారన్ కొట్టింది. పిన్ని తమ్ముణ్ణి పిలిచి కూర్చోబెట్టాను. పెన్‌డ్రైవు లైటు మిణుకు మిణుకుమనడం ఆగేదాకా ముట్టుకోవద్దని, ఆగాక తెర మీద ఫలానా చోట నొక్కి అప్పుడు తీయమని రెండుసార్లు చెప్పాను. కాసేపటికి బస్సులో ఉండగానే ఫోన్ చేశాడు. ఎక్కింది అక్కా, పేరు కనపడతంది అన్నాడు. నేను నమ్మాను. ఆ సాయంత్రమే వాళ్లు గుంటూరు వెళ్లిపోయారు.

వాళ్లు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ముందు గది ఖాళీ అయిపోయింది. ఎవరో జ్యూస్ షాపు పెట్టుకుంటామంటే ఇచ్చారు. మైకులు, బాక్సులు వెనక గదిలోకి చేరాయి. కంప్యూటరు ఆన్ కావడం మానేసింది, పిన్ని తమ్ముడు దాన్ని పాత ఇనుము బండికి వేసేశాడు. నాకు తర్వాత తెలిసింది. డిస్కు ఎటూ పోయిందే, మూట పెన్‌డ్రైవులో ఉందిగా అని నేనూ ఊరుకున్నాను.

బాబాయి తిరిగొచ్చాడు. మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. ఊపిరి అక్కడినుంచే. మాట లేదు. గొంతుకు ఆనించి మాట్లాడే ఒక పరికరం ఇచ్చారు. ఒకరోజు ప్రయత్నించి, ఆ గరగర విని, దాన్ని డబ్బాలో పెట్టి మళ్లీ తీయలేదు. చెప్పదలుచుకున్నది ఫోన్‌లో తెలుగులో టైపు చేసి చూపించేవాడు. చదవడానికి కళ్లజోడు కావాలి గనక పిన్ని రోజంతా కళ్లజోడు పెట్టుకునే తిరిగేది. వెనక నుంచి పిలవాలంటే చప్పట్లు కొట్టేవాడు. ఆ చప్పట్లు వినపడినప్పుడల్లా పిన్ని ముఖం చిన్నబోయేది. పనిమనిషిని పిలిచినట్టుంది అని నాతో ఒకసారి అంది. ఆయనతో మాత్రం అనలేదు.

ఆటో మూలనపడి ఉంది. వేరే గొంతుతో ప్రకటనలు చేయిద్దామని పిన్ని తమ్ముడు అన్నాడు. ఫోన్‌లో ఏదో యాప్ పెట్టుకొచ్చి, మాటలు రాస్తే అదే చదివేస్తుందని వినిపించాడు. ఆ గొంతు నున్నగా, తప్పు లేకుండా చదివింది. బెల్లంకొండ అన్న పేరును కూడా తప్పు లేకుండానే చదివింది, కానీ ఆ ఊరు ఎక్కడుందో జన్మలో తెలియనివాళ్లు చదివినట్టుంది. బాబాయి ఫోన్ తీసుకుని టైపు చేసి వాడికి చూపించాడు. ‘ఇది ఏ ఊరి గొంతురా’ అని ఉంది.

మర్నాడు సెట్టు మొత్తం అమ్మేస్తానన్నాడు. ఆటో, ఆంప్లిఫయరు, స్పీకర్లు అన్నీ. చిలకలూరిపేటలో కొనేవాళ్లు ఉన్నారట, శుక్రవారం చూడటానికి వస్తారట. ఆ స్పీకర్లు పోతే ఆయన ఇక వైర్లు కూడా చుట్టడు, గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. అప్పుడు నేనే గుర్తుచేశాను. కొత్త మాటలు చెప్పలేకపోయినా, పాత మాటలన్నీ పెన్‌డ్రైవులో ఉన్నాయి కదా, ఊళ్ల పేర్లు కూడా ఉన్నాయి కదా, ఏరి అతికిస్తే పని నడవదా అన్నాను. ఆయన ఫోన్ అందుకుని టైపు చేశాడు. ‘అది తెరుచుకుంటే అమ్మను.’

ఫ్యూజులు, స్క్రూలు వేసుకునే రేకు డబ్బాలో దొరికింది పెన్‌డ్రైవు. నా ల్యాప్‌టాప్ కిందికి తెచ్చాను. వెనక గదిలో బాబాయి మంచం మీద, పిన్ని గుమ్మంలో, ఆవిడ తమ్ముడు స్పీకరు బాక్సు మీద కూర్చున్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఎండాకాలం, ఫ్యాను లేకుండా ఆ గదిలో కూర్చోలేం. మూట పేరు తెర మీద చక్కగా కనపడింది. విప్పే కమాండు ఇవ్వకముందు, అది పాడవకుండా ఉందో లేదో జీజిప్‌నే పరీక్ష చేయమన్నాను. కాసేపు ఆలోచించి ఒక్క వాక్యం ఇచ్చింది. ఫైలు అనుకోనిచోట అయిపోయిందని.

నాకు ఒళ్లు మండింది. నువ్వు లైటు ఆగేదాకా ఉన్నావా లేదా అని పిన్ని తమ్ముణ్ణి నిలదీశాను. వాడు తల దించుకున్నాడు. పేరు కనపడింది గదా అని పీకేశానక్కా అన్నాడు. ఎందుకు పీకావు అంటే, ఆంప్లిఫయర్లో రోజూ పీకుతానే ఉంటాం, ఎన్నడూ ఏం కాలేదు అన్నాడు. అది నిజమే. మైకు సెట్టువాళ్లు పెన్‌డ్రైవును తీసే తీరే అంత. పెళ్లిలో పంతులుగారు చెయ్యెత్తగానే పాట ఆగాలి, బటను వెతుక్కునే టైము ఉండదు, పాట మధ్యలో పెన్‌డ్రైవును లాగిపారేస్తారు. పాట ఆగుతుంది. ఎవరికీ ఏ నష్టమూ ఉండదు. చదివేటప్పుడు పీకితే ఏమీ కాదు, రాసేటప్పుడు పీకితే మిగతాది రాయదు. ఇంత చిన్న తేడా వాడికి ఎవరు చెప్పారు? అయినా నేను ఆగలేదు. ఒక మనిషి గొంతు చేతికిస్తే ఇలాగేనా చూసుకునేది అని నోరు పారేసుకున్నాను.

బాబాయి చప్పట్లు కొట్టాడు. ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. ‘వాణ్ణి అనమాక. పీకటం నేర్పింది నేనే.’

నేను నోరు మూసుకుని పనిలో పడ్డాను. నిజానికి అంతా అయిపోలేదు. జీజిప్ కుదించే తీరులో ఒక గుణం ఉంది. అది ముందు వచ్చిన సరుకును గుర్తుపెట్టుకుని, అలాంటిదే మళ్లీ వస్తే వెనక చెప్పిందే అని క్లుప్తంగా రాసుకుంటూ పోతుంది. అందుకని దాన్ని మొదటి నుంచి వరసగానే విప్పాలి. మొదలు పోతే మొత్తం పోయినట్టే. తోక తెగితే మాత్రం, తెగినచోటు దాకా ఉన్నదంతా పొల్లుపోకుండా వస్తుంది. మాది తెగింది తోకే. ఎక్కడ తెగిందన్నదే తేలాలి. ఈ సంగతి వాళ్లకు విడమరిచి చెప్పాను. గోతం చివర చిరిగింది, ఎన్ని కాయలు కారిపోయాయో విప్పితే గానీ తెలియదు అన్నాను. పిన్నికి అర్థమైంది.

విప్పమని కమాండు ఇచ్చాను, విప్పిన ప్రతి ఫైలు పేరూ తెర మీద చూపించమన్నాను. పేర్లన్నీ బాబాయి ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకున్నాడు గనక మూటలో ఆ అక్షరాల వరసలోనే ఉన్నాయి. ముందు మాటల సంచి, అంటే మాటలన్నీ వేసిన ఫోల్డరు. ‘గ్రామ ప్రజలకు’ వచ్చింది. ‘పంచాయతీ ఆఫీసు వద్ద’ వచ్చింది. ‘తప్పక హాజరు కావలెను’ వచ్చింది. మాటలన్నీ దాటి ఊళ్లలోకి దిగింది. అచ్చంపేట. బెల్లంకొండ. చిలకలూరిపేట. దాచేపల్లి. బాబాయి మంచం మీంచి ముందుకు వంగాడు. దుర్గి. ఎడ్లపాడు. గురజాల. ఈపూరు. పిన్ని తమ్ముడు పైకే చదువుతున్నాడు. కారంపూడి. క్రోసూరు. మాచర్ల. అక్కడ ఆగి, మళ్లీ అదే వాక్యం చూపించి, కమాండు బయటికి వచ్చేసింది.

మాచర్ల తర్వాత ఉండాల్సినవి లేవు. నకరికల్లు లేదు, పిడుగురాళ్ల లేదు, రెంటచింతల లేదు, సత్తెనపల్లి, వినుకొండ లేవు. అందరికీ ఒకేసారి ఒక విషయం తట్టింది. నరసరావుపేట కూడా లేదు. ఆయన సొంత ఊరి పేరు ఆయన గొంతులో ఇక ఉండదు. నాకు ఏడుపొచ్చింది, తెర మీద ఏదో చూస్తున్నట్టు నటించాను. బాబాయి టైపు చేయడానికి కాస్త టైము తీసుకున్నాడు. ‘మనూళ్లో మనూరి పేరు ఎందుకంట. పట్టణ ప్రజలకు అంటే చాలదా.’

ఒక్కొక్క ఫైలూ వినిపించడం మొదలుపెట్టాను. ఆయన తన గొంతు విని ఎన్ని నెలలైందో. ప్రకటన మొదట్లో ఉండే ‘యావన్మంది ప్రజానీకానికి’ గదిలో మోగగానే ఆయన చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్లింది. పిన్ని తమ్ముడు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. పిన్ని మాత్రం గుమ్మంలోనే నిలబడి, కొంగు చేతిలో నలుపుతూ మామూలుగానే విన్నది. ఆ మాటలన్నీ ఆవిడ ఎన్నిసార్లు విని ఉంటుందో, వాటిలో తనకు కొత్తేముంది?

ముందు దగ్గులున్నా, మాటలూ ఊళ్లూ బాగున్నాయి. శుభ్రంగా ఉన్నాయి. మాటలు, క్రోసూరు దాకా ఉన్న ఊళ్లు, అన్నీ ఒక చలికాలం కూర్చుని వరసగా చెప్పినవట, అసలు ఫ్యాను మోతే లేదు. చివరిది మాచర్ల. ఆ ఊరి నుంచి మొదటి ఆర్డరు వచ్చాక వేసవిలో విడిగా చెప్పినది అదొక్కటి. సగంలో తెగిన ఫైలు అదే కాబట్టి, ఎంతవరకు వచ్చిందో చూద్దామని నొక్కాను. ముందు ఫ్యాను మోత వినపడింది. తర్వాత బాబాయి గొంతు, మైకు గొంతు కాదు, ఇంట్లో గొంతు.

‘ఏమే, ఫ్యాను ఆపు. చానా మోత చేస్తంది.’

గుమ్మంలో ఉన్న పిన్ని గబగబా వచ్చి, గోడ దగ్గరికెళ్లి, స్విచ్చి నొక్కింది. మా తల మీద ఫ్యాను నెమ్మదించింది. రికార్డింగులో ఫ్యాను కూడా నెమ్మదించింది. లోపలి బాబాయి గొంతు సవరించుకున్నాడు. అక్కడ తెగిపోయింది. మాచర్ల అన్న పేరు రానేలేదు.

పిన్నికి తను చేసింది అప్పుడు తెలిసింది. స్విచ్చి మీద చెయ్యి తీయకుండా అలాగే నిలబడింది. గదిలో ఉక్క పోస్తోంది. ఫ్యాను వేయమని ఎవరూ అనలేదు.

ఏదో ఒకటి అనాలని, పనిమాట అన్నాను. ఇందులో ఊరి పేరు రాలేదు, ఇది మనకు పనికిరాదు, తీసేస్తాను బాబాయ్ అన్నాను.

‘తీసెయ్యమాకమ్మా’ అంది పిన్ని. ‘ఊళ్లన్నిటికీ చెప్పింది మీరు ఉంచుకోండి. అది నాకు చెప్పింది.’

బాబాయి తల వంచుకుని తన ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయాడు, ఏమీ టైపు చేయలేదు. ఇన్నేళ్లూ మేం కత్తిరించి పారేసిన ముక్కల్లో ఆవిడ ఉందని, ఆవిడతో అన్న మాటల్లో మిగిలింది ఇదొక్కటేనని ఆ గదిలో అందరికంటే ముందు ఆవిడకే తెలిసింది.

చిలకలూరిపేట వాళ్లను రావద్దన్నారు. మొదటి ఆర్డరు ఎడ్లపాడులో పశువుల టీకాలది. మాటల సంచిలో కావలసినవన్నీ ఉన్నాయి. నేను కమాండుతో ఒకదాని వెనక ఒకటి అతికిస్తుంటే, ఎక్కడ ఎంత ఆగాలో బాబాయి వేలితో తాళం వేసి చూపించాడు. రెండు మాటల మధ్య కాస్త ఎక్కువ ఖాళీ పడితే ఊరుకునేవాడు కాదు, మళ్లీ చేయించేవాడు. ఏరి పెట్టిన నాలుగు మాటలకు ఇంత రాద్ధాంతమా అని నేను విసుక్కుంటే, ‘మైకులో నేనేగా తిరిగేది’ అని టైపు చేశాడు. ఆటో వెళ్లింది. ఎడ్లపాడులో ఒక ముసలాయన ఆటో ఆపి, మీ బావకి ఒంట్లో బాలేదని విన్నానే, గొంతు బాగానే ఉందే అన్నాడట. పిన్ని తమ్ముడు ఏం చెప్పాలో తెలియక, బాగానే ఉందండి అని వచ్చేశాడు.

మాచర్ల నుంచి ఆర్డరు వస్తే ఒప్పుకోరు. పిడుగురాళ్ల వస్తే కూడా అంతే. తన గొంతులో లేని ఊరికి ఆటో వెళ్లదు. కొత్త గొంతు అరువు తెచ్చుకుందామని పిన్ని తమ్ముడు ఇప్పటికీ అప్పుడప్పుడు అంటాడు, బాబాయి విననట్టే ఉంటాడు. అమ్మకుండా మిగిలిన ఆ సెట్టు పక్కన కూర్చుని మళ్లీ వైర్లు చుడుతున్నాడు. ఈసారి ఆ మూటను మూడు చోట్ల పెట్టాను. ప్రతి చోటా విప్పి చూసి, ప్రతి ఊరూ పలికిందని విన్నాకే లేచాను. ల్యాబులో పిల్లలకు కూడా ఇప్పుడు ఇది నేర్పుతున్నాను. కుదించాక పరీక్ష చేయాలి, కాపీ చేశాక మళ్లీ పరీక్ష చేయాలి, పేరు కనపడినంత మాత్రాన నమ్మకూడదు అని. రికార్డులో బుద్ధిగా రాసుకుంటున్నారు. కొట్టి చూస్తున్నారో లేదో దేవుడికెరుక.

మాచర్ల ముక్కను పిన్ని ఫోన్‌లో వేసి ఇచ్చాను. ఎంపీత్రీ చేయలేదు, ఒక్క తొడిమ కూడా తీయలేదు, ఫ్యాను మోతతో సహా ఉన్నదున్నట్టే వేశాను. నొక్కగానే మోగేలా ముందు తెర మీదే ఒక గుర్తు పెట్టాను. వారం తిరక్కముందే బాబాయి తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టి, అందులోనూ వేయమని సైగ చేశాడు. ఎందుకని అడగలేదు, వేశాను. అప్పట్నుంచి ఆ ఇంట్లో చప్పట్లు వినపడటం లేదు.

ఇప్పుడు చలికాలం. ఆ గదిలో ఫ్యాను వేసి నెలైంది, రెక్కల మీద దుమ్ము పేరుకుంది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే కింద మంచం మీంచి బాబాయి గొంతు వినపడుతుంది, ఏమే, ఫ్యాను ఆపు, చానా మోత చేస్తంది అని. తిరగని ఫ్యానును ఆపడమేమిటని పిన్ని ఎన్నడూ అడగదు. వంటింట్లోంచే, ‘వస్తన్నా ఉండు’ అంటుంది.